ఆశ్రయగ్రంథాలలో మూలాన్వేషణం



వైదికకర్మలో ఉచ్చరింపబడే ఏ వాక్యమూ ఒంటరిగా నిలువదు. పురోహితుని చేతిలోని ప్రయోగపుస్తకం గృహ్యసూత్రాన్ని ఆశ్రయిస్తుంది. గృహ్యసూత్రం మంత్రపాఠాన్ని ఆశ్రయిస్తుంది. మంత్రపాఠంలోని అనేక మంత్రాలకు సంహిత నెలవు. ఆ సంహితలోని సంధిస్వరాలను ప్రాతిశాఖ్యం నిర్ణయిస్తుంది. పదరూపాలను పాణినీయం సాధిస్తుంది. అర్థాన్ని నిరుక్తమూ భాష్యమూ వివరిస్తాయి. ఆ అర్థం కర్మలో ఎట్లు అన్వయించాలో మీమాంస తేలుస్తుంది. ఒక్క పుస్తకం తెరచినవాడు నిజానికి ఒక గ్రంథసముదాయం ముంగిట నిలుచున్నాడు. అందుచేత అధ్యయనమంటే పుస్తకాన్ని మొదటినుండి తుదివరకు చదవడం మాత్రమే కాదు. ఒక పదం ఎదురైనప్పుడు అది ఏ గ్రంథంలో పుట్టినదో, ఏ దారిన ఇక్కడికి వచ్చినదో తెలిసికొని, ఆ మూలాన్ని దర్శించి, తిరిగి బయలుదేరిన చోటికి తప్పక చేరుకోగలగడం అధ్యయనం.

తెలుగునాట స్మార్తకుటుంబాలలో అధికసంఖ్యాకులు కృష్ణయజుర్వేద తైత్తిరీయశాఖకు, ఆపస్తంబసూత్రానికి చెందినవారు. ఆపస్తంబ కల్పసూత్రం మొత్తం 30 ప్రశ్నలు. మొదటి 24 ప్రశ్నలు శ్రౌతవిషయాలు. 25, 26 ప్రశ్నలు మంత్రపాఠం. దీనినే ఏకాగ్నికాండ అంటారు. 27వది గృహ్యసూత్రం. 28, 29 ధర్మసూత్రం. 30వది శుల్బసూత్రం. ఇందులో ఒక విశేషం సాధకులు గమనింపదగినది. గృహ్యసూత్రకారుడు ఏ క్రియకు ఏ మంత్రమో చాలాచోట్ల మంత్రం పేరు చెప్పడు, ప్రతీకమైనా ఇవ్వడు. 'ఉత్తరయా' అంటాడు. అంటే 'తరువాతి ఋక్కుతో' అని అర్థం. మంత్రాలు మంత్రపాఠంలో ఏ వరుసలో ఉన్నవో ఆ వరుసనే నమ్ముకొని సూత్రం నడుస్తుంది. మంత్రపాఠం ఎదుట లేనివానికి ఆ సూత్రం అర్థం కాదు. మంత్రపాఠంలో ఒక్క ఋక్కు లోపించినదా, ఆ పైని క్రియలన్నింటికీ మంత్రాలు ఒక్కొక్క స్థానం జరిగిపోతాయి. సూత్రంలో ఒక అక్షరమైనా చెడదు, అయినా ప్రయోగం చెడుతుంది.

ఈ ఆశ్రయాశ్రయిభావం వేదవిద్యకే పరిమితం కాదు. నేడు లక్షలమంది తెలుగుబిడ్డలకు జీవనోపాధిగా ఉన్న సాఫ్ట్‌వేర్ విద్య సరిగ్గా ఇట్టి నిర్మాణంమీదనే నిలిచి ఉన్నది. ఆ రెండు విద్యలూ ఒకే ఇంట కలిసిన సందర్భం ఒకటి ఇక్కడ వివరింపదగినది.

కృష్ణా తుంగభద్రల నడుమనున్న భూమిని నడిగడ్డ అంటారు. గద్వాల సంస్థానాధీశులు పండితులకు వార్షికాలిచ్చి, విద్వత్సభలు నడిపి, తమ పురానికి 'విద్వద్గద్వాల' అనే ఖ్యాతిని ఆర్జించిన సీమ అది. ఆ సీమలో ఒక అర్చకకుటుంబం. ఆ ఇంటి పిల్లవానికి ఎనిమిదవ ఏట ఉపనయనమైంది. పితామహుని సన్నిధిలో నాలుగేళ్ళపాటు సంధ్యావందనం, నమకచమకాలు, పంచసూక్తాలు, సంహితలో కొన్ని ప్రశ్నలు అధ్యయనం చేశాడు. తరువాత లౌకికవిద్య. వనపర్తి రాజప్రాసాదంలో 1959 నుండి నడుస్తున్న కేడీఆర్ పాలిటెక్నిక్‌లో డిప్లొమా, ఆ పై ఇంజనీరింగ్, అటుపై హైదరాబాదులో ఉద్యోగం. నడిమిలో ఆగిన అధ్యయనం అట్లే ఆగిపోయింది.

అతని ఉద్యోగస్వరూపం తెలిస్తేగాని తరువాతి వృత్తాంతం బోధపడదు. కంప్యూటర్ ప్రోగ్రామును మనుష్యులు చదువగల రూపంలో వ్రాసిన లేఖనాన్ని సోర్స్ కోడ్ అంటారు. దానిని మూలలేఖనమని చెప్పుకోవచ్చు. యంత్రానికి అనువైన రూపంలోకి దానిని మార్చి మూటగట్టినది ప్యాకేజీ. ఏ ప్రాజెక్టూ సర్వమూ స్వయంగా చేసికొనదు. తేదీలు లెక్కించే పని ఒక ప్రాజెక్టుది, జరిగినదంతా చిట్టాలో నమోదు చేసే పని మరొకదానిది, భద్రత ఇంకొకదానిది. ఆ ఆశ్రయాలకు మళ్ళీ తమ ఆశ్రయాలు ఉంటాయి. తాను కోరి తెచ్చుకొన్నవి పది అయితే, వాటివెంట తెలియకుండా వచ్చినవి వంద ఉండవచ్చు.

అట్టి అరణ్యంలో నడవడానికి ప్రోగ్రామర్లకు ఎక్లిప్స్, ఇంటెలిజే ఐడియా, విజువల్ స్టూడియో కోడ్ వంటి సాధనాలు ఉన్నాయి. 1970ల చివరలో బర్క్‌లీ యూనిక్స్‌లో సీట్యాగ్స్ అనే చిన్న సాధనం ఏ పేరు ఏ దస్త్రంలో ఏ పంక్తిలో నిర్వచింపబడినదో సూచిక తయారుచేసేది. 2001లో ఎక్లిప్స్, ఇంటెలిజే ఐడియా లోకానికి వచ్చాయి. 2016లో మైక్రోసాఫ్ట్ సంస్థ లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌ను ప్రకటించడంతో ఈ అన్వేషణవిద్య ఏ భాషకైనా ఏ సాధనంలోనైనా అందే మార్గం ఏర్పడింది. ఒక పేరుపై వేలు ఉంచి ఆజ్ఞాపిస్తే సాధనం ఆ పేరు నిర్వచింపబడిన చోటికి తీసుకొనిపోతుంది. ఆ నిర్వచనంలో మరొక పేరు, దానికి మరొక మూలం. చాలునన్నప్పుడు వెనుకకు మరలే ఆజ్ఞ కూడ ఉన్నది. విలోమంగా, ఒక నిర్వచనాన్ని ఎక్కడెక్కడ ఎవరెవరు వాడుకొంటున్నారో చూపే ఆజ్ఞ ఇంకొకటి.

అయితే మూలదర్శనం అన్నివేళలా ఒకేవిధంగా లభించదు. ఇందులో మూడు అవస్థలు ఉన్నాయి.

మొదటిది, ఆశ్రయప్రాజెక్టు కూడ అదే కార్యక్షేత్రంలో తెరచి ఉండడం. అప్పుడు చూపు నేరుగా సజీవమైన మూలలేఖనంపై పడుతుంది. అక్కడ దిద్దిన దోషం ఇక్కడ తక్షణమే తొలగుతుంది.

రెండవది, ఆశ్రయం మూటగట్టిన ప్యాకేజీగా మాత్రమే ఉండి, దానికి జతగా మూలలేఖనపు ప్రతి లభించడం. అప్పుడు చదువవచ్చునుగాని మార్చరాదు. పైగా మూట ఒక సంచికది, ప్రతి మరొక సంచికది అయితే పంక్తులు పొసగవు. సాధనం చూపే చోటు ఒకటి, నిజంగా నడుస్తున్న చోటు మరొకటి అవుతుంది. ఏమీ చూపకపోవడంకంటె ఇది ప్రమాదం, ఎందుకంటే చూచేవానికి అనుమానం కలుగదు.

మూడవది, మూలప్రతి బొత్తిగా లేకపోవడం. అప్పుడు సాధనం యంత్రరూపంనుండి వెనుకకు ఊహించి ఒక లేఖనాన్ని కల్పించి చూపుతుంది. ఆ కల్పితం పనికి చాలినంత సత్యమే. కాని కర్త వ్రాసికొన్న వివరణలు అందులో ఉండవు, అనేకసార్లు ఆయన పెట్టిన పేర్లు కూడ ఉండవు. ఏమి జరుగుతున్నదో తెలుస్తుంది. ఎందుకు అట్లు చేయవలసివచ్చినదో తెలియదు.

మీమాంసకులు శతాబ్దాలకు పూర్వమే ఈ అవస్థలను విచారించారు. స్మృతికి ప్రామాణ్యం శ్రుతిమూలకత్వంవలన వస్తుంది. శ్రుతి ప్రత్యక్షంగా కనబడితే సందేహం లేదు. స్మృతి చెప్పిన ఆచారానికి శ్రుతివాక్యం కనబడకపోతే, విరోధం లేనంతవరకు మూలశ్రుతిని అనుమానించవలెను. ప్రత్యక్షశ్రుతితో విరోధం కనబడితే ఆ స్మృతిని ఆదరింపరాదు. సోమయాగంలో ఔదుంబరీ స్తంభం దీనికి శబరస్వామి చూపిన ఉదాహరణ. స్తంభాన్ని స్పృశిస్తూ గానం చేయవలెనని శ్రుతి. దానిని వస్త్రంతో పూర్తిగా చుట్టవలెనని స్మృతి. చుట్టితే స్పర్శ ఎట్లు? ప్రత్యక్షమూలం కళ్ళెదుట ఉన్నప్పుడు అనుమితమూలానికి బలం ఉండదు. ప్రోగ్రామరు కల్పితలేఖనాన్ని ఎంతవరకు నమ్మవలెనో చెప్పే నియమమూ ఇదే.

ఇక ఆ ఇంటి విషయం. యువకుని చెల్లెలి వివాహం నిశ్చయమైంది. పితామహునికి ఎనభై దాటాయి, చూపు మందగించింది. వివాహం నడిపింపవలసిన బంధువు వేరొక ఊరివాడు. ఆయన తమ ఇంటి ప్రయోగపుస్తకాన్ని శుభ్రంగా వ్రాసి పంపమని కోరాడు. అది తరాలనాటి చేవ్రాత. మొదటి భాగంలో క్రియల వరుస, రెండవ భాగంలో మంత్రాల వరుస. యువకుడు దానిని కంప్యూటరులో ఎక్కించడానికి పూనుకొన్నాడు. ఉద్యోగంవలన అలవడిన స్వభావంచేత ఊరకే నకలు తీయలేదు. ప్రతి క్రియకు ఎదురుగా దాని మంత్రాన్ని, ప్రతి మంత్రానికి ఎదురుగా దాని మూలస్థానాన్ని గుర్తించుకొంటూ పోయాడు.

వివాహంలో కన్యాస్నాపనఘట్టం వద్ద అతని పని ఆగింది. సూత్రప్రకారం అక్కడ వరుస ఇది: వధువు శిరస్సుపై దర్భలతో కట్టిన చుట్టను ఉంచడం, దానిపై కాడియొక్క కుడిరంధ్రాన్ని నిలపడం, ఆ రంధ్రంలో సువర్ణం ఉంచడం, తరువాతి ఐదు ఋక్కులతో స్నానం చేయించడం, ఆ తరువాతి ఋక్కుతో నూతనవస్త్రం కట్టించడం, ఆ తరువాతిదానితో యోక్త్రమనే త్రాడును నడుమునకు బిగించడం. పుస్తకం రెండవ భాగంలో స్నానమంత్రాలు నాలుగే ఉన్నాయి. ఐదవదిగా లెక్కకు వచ్చేది వస్త్రపరిధానమంత్రం. దానిని స్నానానికి పలికితే వస్త్రం కట్టేవేళ యోక్త్రమంత్రం వస్తుంది. యోక్త్రం బిగించేవేళ మరేదో వస్తుంది.

లోపించినది ఏదో అతడు త్వరగానే కనుగొన్నాడు. ఆ ఐదింటిలో వెనువెంటనే వచ్చే రెండు ఋక్కులు 'యాసాం' అనే ఒకే పదంతో మొదలవుతాయి. ఏ కాలంలోనో నకలు తీసిన లేఖకుని చూపు మొదటి 'యాసాం' నుండి రెండవ 'యాసాం'పైకి జారింది, నడుమనున్నది జారిపోయింది. ఒకే పేరు రెండుచోట్ల నిర్వచింపబడినప్పుడు ప్రోగ్రామరు చూపు కూడ ఇట్లే జారుతుంది. అందుకే అతని సాధనం, ఒక పేరుకు రెండు మూలాలు ఉంటే రెండింటినీ చూపి ఏది కావలెనని అడుగుతుంది. లేఖకునికి అట్లు అడిగేవారు లేకపోయారు.

అతడు మూలంకోసం సంహితకు వెళ్ళాడు. తైత్తిరీయసంహిత 5వ కాండ, 6వ ప్రశ్న, మొదటి అనువాకం. అక్కడ ఈ మంత్రాలు అగ్నిచయనప్రకరణంలో కుంభేష్టకల సందర్భంలో ఉన్నాయి. లోపించిన ఋక్కు దొరికింది. దానితోబాటు మరొక చిక్కు ఎదురైంది. ఐదింటిలో చివరి మంత్రం సంహితలో ఒకవిధంగా, ఇంటి పుస్తకంలో మరొకవిధంగా ఉన్నది. జలాలు మంగళమైన చూపుతో 'నన్ను' చూడవలెనని సంహితలోని భావం. 'నిన్ను' చూడవలెనని పుస్తకంలోని పాఠం. ఒక దోషం బయటపడ్డ పుస్తకంపై నమ్మకం సడలడం సహజం. దీనినీ లేఖకదోషమే అనుకొని సంహితాపాఠానికి అనుగుణంగా దిద్దడానికి అతడు సిద్ధపడ్డాడు. కాని దిద్దక ముందు పితామహుని అడగడం యుక్తమనిపించింది. దానికంటె పెద్ద సంశయం ఒకటి అతని గుండెలో బరువుగా ఉన్నది. ఈ పుస్తకంతోనే ఆ ఇంట తరతరాల వివాహాలు జరిగి ఉంటే, అవన్నీ మంత్రలోపంతో జరిగినట్లేనా? తన తల్లి వివాహం కూడ?

ఆ శనివారం ఊరికి వెళ్ళి విన్నవించాడు. వృద్ధుడు పుస్తకాన్ని తెమ్మనలేదు.

"చివరి మంత్రం సంగతి ముందు చెప్తా విను, నాయనా," అన్నాడు. "చయనంలో పలికేవాడు తన్ను గురించే పలుకుతాడు, కాబట్టి 'నన్ను' అని ఉన్నది. ఇక్కడ స్నానం ఎవరికి? పిల్లకు. పలికేది వరుడు. 'నన్ను' అంటే నీళ్ళు ఎవరిని చూడాలె? ఏకాగ్నికాండలో 'నిన్ను' అనే ఉన్నది. అది తప్పు కాదు, ఆ కర్మకు అదే పాఠం. నీవు దగ్గరి మూలం దాటి దూరపు మూలానికి పోయినావు."

యువకుడు తలవంచాడు. అతని వృత్తిలోనూ ఇది ప్రథమపాఠమే. ఒకే పేరు సమీపాశ్రయంలోనూ దూరాశ్రయంలోనూ ఉంటే సమీపంలోనిదే చెల్లుతుంది. అది దూరంలోనిదానిని కప్పివేస్తుంది. దూరమూలం ప్రాచీనమైనదీ పూజ్యమైనదీ కావచ్చును, కాని ఈ సందర్భంలో నడిచేది అది కాదు. మూలాన్ని వెదకడం ఒక విద్య. ఎక్కడ ఆగవలెనో తెలియడం మరొక విద్య.

"మరి ఆ లోపించిన ఋక్కు, తాతయ్యా? ఇన్నాళ్ళూ నాలుగింటితోనే జరిగిందా?"

వృద్ధుడు కన్నులు మూసికొని ఏకాగ్నికాండలోని ఆ ఖండాన్ని మొదటినుండి స్వరంతో పఠించాడు. ఐదు ఋక్కులూ ఉన్నాయి. ఏదీ జారలేదు. రెండు 'యాసాం'లూ తమతమ స్థానాలలోనే ఉన్నాయి.

"మేమెవరం పుస్తకం చూచి చెప్పలేదురా. మా నాయన చెప్పింది నాకు నోట ఉన్నది. ఆయనకు వాళ్ళ నాయన చెప్పినాడు. పుస్తకం క్రియల వరుస మరవకుండ ఉండటానికి. మంత్రం పుస్తకంలో ఉండేది కాదు."

యువకునికి ఊరట కలిగింది. తల్లి వివాహంలో ఏ లోపమూ లేదు. పుస్తకంలోని దోషం ఎన్నడూ అగ్నిసన్నిధికి చేరలేదు. కంఠస్థమైన పాఠం దానిని దారిలోనే అడ్డుకొన్నది. కాని ఆ ఊరట క్షణకాలమే నిలిచింది. ఇన్ని తరాలు పుస్తకదోషాన్ని నిర్వీర్యం చేసిన ఆ మూలం ఇప్పుడు ఒకే ఒక కంఠంలో ఉన్నది. ఆ కంఠానికి ఎనభై దాటాయి. తన తండ్రి అర్చకత్వంలో కాలం గడిపినా ఏకాగ్నికాండ సంపూర్ణంగా అధ్యయనం చేయలేదు. తాను నాలుగేళ్ళకే ఆపాడు. ఆ వృద్ధుని తరువాత ఆ ఇంట మిగిలేది నాలుగు ఋక్కుల పుస్తకమే. అంటే ఏమిటో అతనికి తన వృత్తిభాషలో స్పష్టంగా తెలుసు. సజీవమూలం మాయమై మూట మాత్రం మిగలడం. ఆ మూట కూడ దోషంతో ఉండడం. ఆ దోషాన్ని ఎవరూ శంకించకుండటం.

పాండిత్యలోకంలో ఈ భయం ఎంత యథార్థమో చెప్పడానికి ఈ సీమలోనే ఒక మహనీయుని శ్రమ నిదర్శనంగా ఉన్నది. వనపర్తి సంస్థానాన్ని ఆశ్రయించి కొంతకాలం గడిపిన మానవల్లి రామకృష్ణకవి గారు మరుగున పడిన గ్రంథాల ఉద్ధరణకే జీవితాన్ని వెచ్చించారు. నన్నెచోడుని కుమారసంభవాన్ని 1909లో వెలుగులోకి తెచ్చినది ఆయనే. భరతుని నాట్యశాస్త్రాన్ని అభినవగుప్తుని వ్యాఖ్యతో పరిష్కరించగా, బరోడా గైక్వాడ్ ప్రాచ్యగ్రంథమాలలో మొదటి సంపుటం 1926లో వెలువడింది. వ్యాఖ్యానం మూలంలోని పదాలను పట్టుకొని నడుస్తుంది. మూలప్రతులలో ఆ పదాలే భిన్నంగా ఉంటే వ్యాఖ్య దేనికి వ్యాఖ్యో తెలియదు. మూటా ప్రతీ వేర్వేరు సంచికలైనప్పటి చిక్కే అది. వ్యాఖ్యను బట్టి మూలాన్ని, మూలాన్ని బట్టి వ్యాఖ్యను నిర్ణయిస్తూ కవిగారు దశాబ్దాలు శ్రమించారు. మూలాధారం లేని మాట వ్రాయనని ప్రతిజ్ఞ చేసిన కోలాచల మల్లినాథసూరి పుట్టిన తెలంగాణభూమికి అది తగిన కృషి. అయినా చెవిన పడిన పాఠం తెగిపోయినచోట ఎంతటి పరిష్కర్తకైనా ఊహయే శరణ్యం.

అట్లే శ్రీశైలజలాశయం నిండినప్పుడు కృష్ణాతీరంలోని సోమశిల ఆలయాలను, కూడలి సంగమేశ్వరాలయాన్ని విప్పి ఎత్తైన చోట తిరిగి నిలిపిన సంగతి నాగర్‌కర్నూల్, గద్వాల ప్రాంతాల వృద్ధులకు జ్ఞాపకమే. సంగమేశ్వరుడు అలంపురం చేరాడు. అట్టి పనిలో ప్రాణం రాళ్ళ వరుసలో ఉంటుంది. ఏ రాయి ఏ రాతిమీద కూర్చున్నదో గుర్తుంచినంతకాలమే విప్పినది మళ్ళీ ఆలయమవుతుంది. వరుస పోతే మిగిలేది రాళ్ళగుట్ట. సూత్రంలోని 'తరువాతి ఋక్కు' కూడ అట్టి వరుసకు ఇచ్చిన గుర్తే.

ఆధునికలోకం తన ఆశ్రయాలను ఎరుగక పడిన అవస్థలు అందరికీ తెలిసినవే. 2016 మార్చిలో జావాస్క్రిప్ట్ ప్రోగ్రామర్లు వాడే భాండాగారంనుండి లెఫ్ట్‌ప్యాడ్ అనే 11 పంక్తుల చిన్న ప్యాకేజీని దాని కర్త ఉపసంహరించగా ప్రపంచమంతటా వేలాది ప్రాజెక్టుల నిర్మాణం స్తంభించింది. 2021 డిసెంబరులో లాగ్‌ఫోర్‌జే అనే ప్యాకేజీలో ఘోరమైన భద్రతాదోషం బయటపడింది. అప్పుడు అనేకసంస్థలకు ఎదురైన మొదటి ప్రశ్న దానిని ఎట్లు దిద్దవలెనన్నది కాదు. అసలు అది తమ ఇంట ఎక్కడ ఉన్నదన్నది. తాము తెచ్చుకొన్నదాని వెంట, దాని వెంట వచ్చినదానిలో అది దాగి ఉన్నది. తన ఆశ్రయాన్ని తాను ఎరుగనివాడు తన ఇంటిని తాను ఎరుగనివాడే.

ఆశ్రయవిషయంలో తార్కికులు నాలుగు దోషాలను చెప్పారు. తనకు తానే ఆధారం కావడం ఆత్మాశ్రయం. ఒకటి రెండవదానికి, రెండవది మొదటిదానికి ఆధారం కావడం అన్యోన్యాశ్రయం. ఆ వలయం మూడు, అంతకుమించిన వాటితో తిరిగితే చక్రకం. ఆధారానికి ఆధారం కోరుతూ ఎక్కడా ఆగకపోతే అనవస్థ. ప్రాజెక్టులను నిర్మించే సాధనాలు అనేకం వలయాశ్రయం కనబడినంతనే పనిని నిరాకరిస్తాయి; ఏది ముందు కట్టవలెనో నిర్ణయించడం అసాధ్యం గనుక. వాదంలోనూ అంతే, జీవితంలోనూ అంతే. ధనం భద్రతకని, ఆ భద్రత మరింత ధనార్జనకని నమ్మి తిరిగేవాడు అన్యోన్యాశ్రయంలో చిక్కినవాడే. ఒక కోరికకు ఆధారంగా మరొక కోరిక, దానికి ఇంకొకటి అని సాగేవాడు అనవస్థలో ఉన్నవాడే.

ఈ అనవస్థకు విరామం ఎక్కడ? ఛాందోగ్యం ఆరవ అధ్యాయంలో ఉద్దాలకుడు కుమారుడైన శ్వేతకేతువును నడిపించిన దారి సరిగ్గా ఇట్టి అన్వేషణమే. శరీరం ఒక మొలక. మొలకకు మూలం ఉండక తప్పదు. దేహానికి మూలం అన్నం. అన్నమే మొలక అయితే దానికి మూలం జలం. జలానికి మూలం తేజస్సు. తేజస్సుకు మూలం సత్తు. అక్కడ తండ్రి ఆగుతాడు, ఎందుకంటే సత్తుకు వేరొక మూలం లేదు. సకలప్రజలకూ అదే మూలం, అదే ఆశ్రయం, అదే ప్రతిష్ఠ. శ్వేతకేతువు పన్నెండేళ్ళు వేదాలు చదివి గర్వంతో ఇంటికి వచ్చినవాడు. గ్రంథాలన్నీ అతని వద్ద ఉన్నాయి. ఒకదానినుండి మరొకదానికి, చివరకు అన్నింటి మూలానికి నడిచే దారి మాత్రం తండ్రి నోటనే వినవలసివచ్చింది. మరొక సూక్ష్మం కూడ ఇందులో ఉన్నది. ఉద్దాలకుడు సత్తు వద్ద వదలిపెట్టలేదు. అది నీవే అని చెప్పి, వెదకినవానిని బయలుదేరిన చోటికే తిరిగి తెచ్చాడు. మూలానికి వెళ్ళి తిరిగిరాని అన్వేషణ అసంపూర్ణం.

గద్వాలసీమలోని ఆ యువకుడు పాతపుస్తకాన్ని దిద్దలేదు. పూర్వుల చేవ్రాతపై కలం పెట్టడానికి అతనికి చేతులు రాలేదు. అది ఉన్నదున్నట్లు పట్టుగుడ్డలో భద్రమైంది. క్రొత్తప్రతిలో ఐదు ఋక్కులూ వ్రాశాడు. ప్రతి మంత్రం ప్రక్కన అది ఏకాగ్నికాండలో ఎక్కడ ఉన్నదో, సంహితలో ఉంటే ఏ కాండ ఏ ప్రశ్న ఏ అనువాకమో గుర్తించాడు. పాఠభేదం ఉన్నచోట రెండు పాఠాలూ ఇచ్చి, ఈ కర్మకు ఏది గ్రాహ్యమో, ఎందుకు గ్రాహ్యమో పితామహుని మాటగా వ్రాశాడు. మూటలో సాధారణంగా నశించేది ఆ 'ఎందుకు' అన్నదే గనుక. వివాహం ఆ ప్రతితో జరిగింది. కాని అతడు గ్రహించిన అసలు విషయం ప్రతులకు సంబంధించినది కాదు. ఇప్పుడు ప్రతి శనివారం హైదరాబాదునుండి బయలుదేరి, బీచుపల్లి వద్ద కృష్ణను దాటి ఇంటికి చేరి, ఆదివారం ప్రాతఃకాలంలో వృద్ధుని ఎదుట కూర్చుంటున్నాడు. వృద్ధుడు ఒకసారి పలికితే శిష్యుడు రెండుసార్లు పలికే సంప్రదాయక్రమంలో ఆగిన అధ్యయనం మళ్ళీ సాగుతున్నది. వృద్ధుని స్వరం ఇప్పుడు క్షీణించింది. కొన్ని ఆదివారాలు అర్ధఘడియ మాత్రమే పాఠం. ఏకాగ్నికాండ రెండు ప్రశ్నలు పూర్తి అయ్యేవరకు కాలం అనుగ్రహిస్తుందో లేదో ఇద్దరికీ తెలియదు. ఆ మాట ఇద్దరూ అనుకోరు.

వేదపఠనసంప్రదాయాన్ని యునెస్కో 2008లో మానవాళి అమూర్తవారసత్వాల పట్టికలో చేర్చింది. అది గౌరవమే. అయితే పదక్రమజటాఘనాది పాఠాలతో ప్రతి పదాన్నీ ఇరుగుపొరుగు పదాలతో ముడివేసి, ఒక్కటి జారినా వెంటనే తెలిసేటట్లు ఋషులు ఏర్పరచిన రక్షణ పట్టికలలో నిలువదు. పలికే కంఠం, వినే చెవి ఉన్నంతకాలమే నిలుస్తుంది. కాగితంపై 'యాసాం' జారితే కాగితం ఎరుగదు. శిష్యుని నోట జారితే గురువు చేయి పైకి లేస్తుంది.

కనుక సాధకులు తమ ఇండ్లలోని ప్రయోగపుస్తకాలను, నోముల పుస్తకాలను, స్తోత్రప్రతులను ఒకసారి తెరచి చూడవలెను. అందులోని ఒక మంత్రాన్నైనా పట్టుకొని, ఇది ఎక్కడిది, దీని సమీపమూలం ఏది, దూరమూలం ఏది, ఇక్కడ చెల్లేది ఏది అని పెద్దలను అడగవలెను. అడగడానికి పెద్దలు ఉన్నప్పుడే అడగవలెను. పుస్తకంలో ఉన్నదిగదా, తరువాత చూచుకోవచ్చునని వాయిదా వేయరాదు. ఒక్క అనువాకమైనా ఒక కంఠంనుండి మరొక కంఠానికి చేరితే ఆ ఇంట మూలం మిగిలినట్లే.